పదకొండో బిళ్ళ

బెండకాయలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తోంది ఉదయశ్రీ. తడి ఉంటే కూర జిగురు కడుతుందని అత్తగారు పుణ్యవతి ఒక్క కాయనీ తడిమి చూడకుండా వదలదు. తెల్లాపూర్ ఫ్లాట్లో పనికొచ్చే సీతాబాయి చీపురు ఆపి చూసింది.

"చేతులు ఇయ్యాల మంచిగున్నయి గదమ్మా. మొన్నటిదాంక గజగజ వణుకుతుండె."

ఉదయశ్రీ ఇంకో కాయ తీసుకుంది. బాగవుతున్నందుకే ఏడుపొస్తోందని ఎలా చెప్పాలి?

మూడేళ్ళ కిందట, ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయాక, నిద్ర కోసం డాక్టరమ్మ మూడు వారాలకని రాసిన బిళ్ళ అది. మూడు వారాలు ఏడాదిన్నరైంది. "వేసుకోనీరా, ఏడుపైనా ఆగింది" అనేది అత్తగారు కొడుకుతో. నిజమే, ఏడుపు ఆగింది. దాంతోపాటు బిడ్డ ముఖమూ మసకబారింది. అది ఓర్చుకోలేకే మానాలనుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టే బిళ్ళని సగం చేసి, సగాన్ని పావు చేసి, పొడి రాలకుండా కోసుకుంటూ నెలల తరబడి తగ్గించుకుంటూ వచ్చింది. పూర్తిగా మానేసి తొమ్మిది నెలలు. అయినా మానుతున్నప్పుడు మొదలైన అరికాళ్ళ మంట పోలేదు, చెవిలో హోరు పోలేదు. కుక్కర్ కూస్తే వెన్నులో సూది దిగినట్టుండేది. "మందు ఒంట్లోంచి ఎప్పుడో పోయిందమ్మా. ఇప్పుడున్నది కొంత మనసువల్ల కావచ్చు. అలాగని నీ బాధ అబద్ధమని కాదు" అంది పోయినసారి డాక్టరమ్మ. ఇల్లు చేరేసరికి అందులో సగమే మిగిలింది. "మనసుదేనట" అని భర్త రోహిత్ గుమ్మంలోనే తల్లికి చెప్పేశాడు.

రోహిత్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌కి లీడ్. ఆమె బకెట్లో చన్నీళ్ళు పోసుకుని కాళ్ళు ముంచుకుంటే, "మళ్ళీ చేసి చూపించలేని బగ్‌ని లేనట్టే లెక్కేసి మేం క్లోజ్ చేసేస్తాం ఉదయా" అనేవాడు. అలాంటివాడు పదిరోజుల కిందట పక్కన కూర్చుని, "నీ అవస్థ చూడలేకపోతున్నా, ఆ బిళ్ళే మళ్ళీ కొన్నాళ్ళు వేసుకో, ఇది వేరే కంపెనీది" అని చిన్న సీసా చేతిలో పెట్టాడు. ఏడుస్తూ మింగింది. తొమ్మిది నెలల కష్టం ఒక్క గుటకలో పోయింది. నాలుగో రోజుకి మంట తగ్గింది, ఆరో రోజుకి వణుకు. రోజూ పొద్దున్నే రోహిత్ మంచం అంచున కూర్చుని "ఎలా ఉంది ఇవాళ? పదికి ఎంత?" అని మెత్తగా అడిగేవాడు. ఓడిపోయాననే దిగులులోనూ ఆ ప్రశ్న కోసం ముందే మెలకువ వచ్చేది.

ఇప్పుడు అతను ల్యాప్‌టాప్ తెచ్చి బెండకాయల పక్కన పెట్టాడు.

"ఇవాళ బిళ్ళ వేసుకోనక్కర్లేదు. అసలది మందే కాదు. హోమియో షాపులో దొరికే ఉత్త పంచదార బిళ్ళ. అయినా ఎలా తగ్గిందో చూడు!"

"పంచదారకి పోయే రోగానికా అమ్మాయ్, ఇన్నాళ్ళూ మమ్మల్ని ఆస్పత్రుల చుట్టూ తిప్పావు? ముందే చెప్తే మన డబ్బాలో కిలో ఉండేదిగా!" పుణ్యవతి పకపకా నవ్వింది.

ఉదయశ్రీ చేతిలోని కాయ జారింది. వేళ్ళు వణుకుతున్నాయి.

"చూశావామ్మా, చెప్పగానే మొదలైంది! ఇంతకంటే రుజువేం కావాలి? పదిన్నరకి అపాయింట్‌మెంట్. డాక్టరుకి ఇదంతా నేను చూపిస్తా. నువ్వేం మాట్లాడక్కర్లేదు ఉదయా."

ఆమె తెరమీది పట్టికవైపు వంగింది. తేదీ, మంట, వణుకు, నిద్ర. చివరి గడి ఏడుపు. మొదటిరోజు ఎదురుగా 'ఉంది' అని రాసి ఉంది. ఆ రోజు తను ఏం పోగొట్టుకున్నానని ఏడ్చిందో పక్కనే ఉండి చూశాడు. చూసి, గడి నింపాడు.

"రోజూ ఎలా ఉందని అడిగారే..."

"అడక్కపోతే నంబర్లెలా వస్తాయి?" అని అతను స్నానానికి వెళ్ళాడు.

మనసుదే కావచ్చు. ఆ మాటకి ఇప్పుడామెకు కోపం రాలేదు. కానీ తగ్గించింది పంచదారేనా? ఈ మూడేళ్ళలో వరసగా పదిరోజులు ఎవరైనా తనని ఎలా ఉన్నావని అడిగారా? అబద్ధపు పలకరింపుకే అరికాళ్ళు చల్లబడ్డాయంటే ఈ మనసు ఎంతకాలంగా ఎండిపోయి ఉందో! ఆ సంగతికి అతని పట్టికలో గడి లేదు. డాక్టరమ్మ గదిలో ఎప్పుడూ అతనే చెప్పాడు, తను తలూపింది. బిడ్డ సంగతి ఒక్కసారి కూడా తన నోటితో చెప్పలేదు. అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఒక్కతే చెప్పాలి.

"కూర పడెయ్ అమ్మాయ్, తొమ్మిదిన్నరవుతోంది" అత్తగారు హాల్లోంచి కేకేసింది.

ఉదయశ్రీ చేతులు కడుక్కుని బ్యాగు తీసుకుంది. తలుపు గడియ వేళ్ళకి ఒక పట్టాన చిక్కలేదు. సీతాబాయి లేవబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయి, నీళ్ళ బకెట్ దారిలోంచి జరిపింది. రెండో చెయ్యి ఆసరా చేసి గడియ తీసి, ఉదయశ్రీ బయటికి వెళ్ళిపోయింది.