నాన్నగారి పిస్తోలు

గున్నేశ్వరరావుకి తమ్ముడి మీద అనుమానం పుట్టింది ఒక వాసనతో. 1979 వేసవిలో ఓ ఆదివారం ఇనప్పెట్టె తెరిచి తండ్రి పిస్తోలు చేతిలోకి తీసుకుంటే కుట్టుమిషను నూనె వాసన గుప్పుమంది. తాను దానికి నూనె వేసి మూణ్ణెల్లయింది. ఆ ఇంట్లో పిస్తోలు విప్పి బిగించడం వచ్చినవాళ్ళు ఇద్దరే. రాజమండ్రిలో బంగారం కొట్టు పెట్టిన తండ్రి, బతికుండగా కొడుకులిద్దరినీ పక్కన కూచోబెట్టుకుని నేర్పాడు.

ఆయన పోయాక లైసెన్సు పెద్దవాడి పేరు మీదకు వచ్చింది. మరి తమ్ముడు నాగేశ్వరప్రసాద్‌కి దానితో ఏం పని? నోరు తెరిచి అడిగితే పోయేది. మనవాడు అడగలేదు. దేవుడి గదిలో మేకుకు వేలాడే తాళంచెవి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. శుక్రవారం పెట్టెకు పూజ చేసుకునే భార్య కన్యకాపరమేశ్వరికి మాత్రం దాన్ని ఓ గంటసేపు ఇచ్చేవాడు.

దసరా ముందు పిస్తోలు తీసి, తూటా ఎక్కించే పైభాగం, స్లైడు, వెనక్కి లాగితే సగంలో ఆగిపోయింది. తమ్ముడే ఏదో చేశాడనుకున్నాడు. తాను నగలతో ఊళ్ళు తిరిగే మనిషి. దారిలో దొంగలు పడ్డప్పుడు ఇది పేలకపోతే పోయేది తను, కొట్టు మిగిలేది ఎవరికి? ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడితో, "వేరు పడదాం" అన్నాడు. కారణం ఎవరికీ చెప్పలేదు.

"నీ ఇష్టం అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

ఆ వినయమూ నటనే అనిపించింది. వారం తిరక్కుండా తమ్ముడు పెళ్ళాంతో ధవళేశ్వరంలో అద్దింటికి వెళ్ళిపోయాడు.

ఇక రుజువు కోసం గున్నేశ్వరరావు తుపాకులు బాగుచేసే వీరాస్వామి దగ్గరికి వెళ్ళాడు. వీరాస్వామి పిస్తోలు విప్పి, స్ప్రింగును గోటితో గీకి వాసన చూశాడు.

"నువ్వులనూనెండి. పసుపూ కుంకుమా కలిసి బంకైపోయింది. ఎవరూ చెడగొట్టలేదండి, పూజ చేశారు."

ఇంటికొచ్చి అడిగితే కన్యకాపరమేశ్వరి ఏమీ దాచలేదు.

"మీరు ఊళ్ళు తిరుగుతారు కదా, మీ ప్రాణానికి అదే కాపలా అని నూనె రాసి బొట్టు పెడుతున్నానండి. మీరు కోప్పడతారని పైపైన తుడిచేసేదాన్ని. లోపలంతా మరిదిగారే విప్పి శుభ్రం చేసేవారు. మీకు చెప్పొద్దన్నారు. మీరు తాళంచెవి పట్టుకుపోయాక ఇంకెవరు చేస్తారు?"

గున్నేశ్వరరావు సిగ్గుపడ్డాడు. ఆ సాయంత్రమే ధవళేశ్వరం వెళ్ళాడు. తమ్ముడు కుర్చీ వేశాడు, మరదలు కాఫీ ఇచ్చింది.

"తప్పు నాదేరా. నిన్ను అనుమానించాను. ఇంటికి రా," అన్నాడు.

నాగేశ్వరప్రసాద్ ఖాళీ కాఫీ గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు.

"రావాలనే ఉందన్నయ్యా. రేపు పెట్టెలో ఇంకేదైనా తేడా వస్తే, ముందు ఎవరి మొహం చూస్తావు?"

ఎవరి మొహమూ చూడనని చెప్పడానికి గున్నేశ్వరరావు తలెత్తాడు. అన్న చెప్పబోయే మాటలో నిజమెంతో అని తమ్ముడు తన కళ్ళలోకే కనిపెట్టి చూస్తున్నాడు, అచ్చం తాను ఇన్నాళ్ళూ వాణ్ణి చూసినట్టు.