కన్ను దిద్దే చెయ్యి

మునిలక్ష్మి ఊపిరి బిగబట్టి అశోకవనం బొమ్మలో చివరి ఆకు దిద్దుతోంది. రోడ్డు మీద టమోటా లారీ పోతున్నంతసేపూ కుంచె పైకెత్తి పట్టుకుంది. బల్ల అదురు తగ్గాక మళ్లీ వంగింది. అరచేయంత కాగితం. చెట్టు కింద పక్కకు తిరిగిన సీత, కొమ్మ మీద ఉంగరం పట్టుకున్న హనుమంతుడు. సీతకు ఇంకా కన్ను లేదు. కన్ను ఎప్పుడూ చివరనే.

పుంగనూరులో ఈ రెండు గదుల ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే ఆమె రంగులు నూరడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగేళ్లుగా తుమ్మ జిగురు కలిపి, ఆకులూ గడ్డీ నీళ్లూ నింపింది. మనుషులను మాత్రం భర్త కదిరప్పే గీసేవాడు. రామాయణం బొమ్మలంటే కదిరప్పవేనని మదనపల్లె దాకా పేరు. రెండేళ్ల కిందట అతని కుడిచెయ్యి వణకడం మొదలైంది. కుప్పంలో డాక్టరు నరాల జబ్బన్నాడు, గుండె కూడా బలహీనంగా ఉందన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి కదిరప్ప తలుపు మూసి, కుంచె ఆమె చేతికిచ్చాడు. ఎవరికీ చెప్పొద్దని అతను అనలేదు. ఆమే చెప్పలేదు.

మదనపల్లెలో బొమ్మల దుకాణం నడిపే సుధారాణి ఈ రోజు పదకొండింటికి వస్తానంది. బెంగళూరులో ప్రదర్శన పెడుతున్నారట. కదిరప్ప సీతకు కన్ను దిద్దుతుంటే వీడియో తీయాలట. జ్వరమని చెబుదామంది మునిలక్ష్మి. అతను తల అడ్డంగా ఊపాడు. ఊళ్లో లేవని చెబుదామంది. అతను గడ్డం గీయమని బ్లేడు ఆమెకిచ్చాడు. రెండు చోట్ల తెగింది. ఆమె చెయ్యి అంతకుముందెప్పుడూ అలా తప్పలేదు.

సుధారాణి పదిన్నరకే వచ్చింది. మజ్జిగ తాగి, బల్లను వెలుతురులోకి జరిపించి, ఫోను నిలబెట్టింది. ఉతికిన చొక్కా వేసుకుని కదిరప్ప కుంచె అందుకున్నాడు. మునిలక్ష్మి గుమ్మం పట్టుకుని నిలబడింది. కుంచె మొన సీత ముఖం పైన గాలిలో చిన్న చిన్న సున్నాలు చుడుతోంది. ఇంకో వెంట్రుకవాసి దిగితే నెల రోజుల పని మట్టిలో కలుస్తుంది. వద్దంటే మనిషి పరువు పోతుంది, అనకపోతే బొమ్మ పోతుంది. ఆమె ఒకడుగు వేసి ఆగిపోయింది.

కదిరప్ప కుంచెను నీళ్ల గిన్నెలో పెట్టాడు.

“నాకు సేతగాదమ్మా,” అన్నాడు. “రెండేండ్లుగా కండ్లు దిద్దేది ఈమే. నేను పక్కన కూసోనుంటా, అంతే.”

సుధారాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది. కదిరప్ప పీట మీంచి లేచాడు.

“రా మే, కూసో,” అన్నాడు భార్యతో.

పరాయివాళ్ల ముందు ఆ పీట మీద ఆమె ఎన్నడూ కూర్చోలేదు. కూర్చుని, గిన్నెలోంచి కుంచె తీసి రంగులో ముంచింది. పైరెప్ప గీత, కింది గీత, నడుమ నల్లచుక్క. ఊపిరి వదిలేసరికి సీత హనుమంతుణ్ణి చూస్తోంది, నమ్మాలో వద్దో తెలియనట్టు.

రంగు ఆరాక సుధారాణి బొమ్మను గుడ్డలో చుట్టుకుంది. బెంగళూరు వాళ్లతో మాట్లాడి సాయంత్రం ఫోను చేస్తానని వెళ్లిపోయింది. ఆ మాటలో కోపం ఉందో లేదో మునిలక్ష్మికి అంతు పట్టలేదు.

“యాల సెప్తివి ఆయమ్మకి?” అంది సంగటి వడ్డిస్తూ. “ఇంక మన బొమ్మలు ఎవురు కొంటారు?”

“కొనేవాళ్లు కొంటారులే. నాకు నిద్రొస్తాండాది,” అన్నాడు.

ఆమె అంట్లు తోముతుంటే అతను కాసేపు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని, తర్వాత చాప మీద ఒరిగాడు.

నాలుగింటికి ఫోను మోగింది. ప్రదర్శనకు ఇద్దరూ రావాలని, అందరి ముందూ మునిలక్ష్మే కన్ను దిద్దాలని బెంగళూరు వాళ్లు అడిగారంది సుధారాణి. మునిలక్ష్మి ఫోను పట్టుకునే లోపలికి పోయి అతన్ని పిలిచింది. భుజం తట్టింది. చెయ్యి పట్టుకుంది. తాకితే చాలు వణికే ఆ చెయ్యి, ఆమె చేతిలో చల్లగా, కదలకుండా ఉంది.

పక్కింటి సిద్దమ్మ వచ్చింది, వీధంతా వచ్చింది. జనం కూర్చోడానికి చోటు చాలక బల్ల జరిపారు. దాని మీద కొత్త కాగితం ఒకటి ఉంది. గీత ఒక్కటీ లేదు. అతను ఎప్పుడూ తన పేరు రాసుకునే కుడి మూలన మాత్రం, వంకర అక్షరాల్లో, ఒకచోట సిరా పులుముకుని, మునిలక్ష్మి అని ఉంది.