తోడేలొచ్చిందని కూత

1961లో నల్లగొండలో ఒక ధర్మసంస్థ వాళ్ళు పల్లెటూరి పిల్లల్లో ఒకరికి పట్నంలో కాలేజీ సీటు, హాస్టలు ఖర్చు ఇస్తామన్నారు. మార్కులు ఒక్కటే చాలవట, ఎవరికీ రాని విద్య ఏదో ఒకటి ఉండాలట. నకిరేకల్ దగ్గర గొర్రెలు కాచుకునే బీరన్న కొడుకు జానయ్యకు రెండూ ఉన్నాయి. రెండు వందల గొర్రెల మందలో ఏ పిల్ల ఏ తల్లిదో ముఖం చూసి చెప్పేస్తాడు. బడిలో రఘుపతి సారు ఆ మాటే దరఖాస్తులో రాసి పంపాడు. ఈ సీటు తప్పితే జానయ్య చదువు అక్కడితో సరి.

పిలుపు రాగానే తండ్రీకొడుకులు నల్లగొండ వెళ్ళారు. సంస్థ తరఫు ముగ్గురు పెద్దమనుషులు జానయ్యను బల్ల ముందు నిలబెట్టి, పకోడీలు నములుతూ దరఖాస్తు చూశారు.

"పరీక్ష పెట్టడానికి ఇక్కడ గొర్రెలెక్కడున్నాయయ్యా?" అన్నాడు మధ్యలో కూర్చున్న లావుపాటాయన. "తోడేలొస్తే మీవాళ్ళు ఏదో కూత పెడతారటగా. అది పెట్టు, విందాం."

జానయ్యకు ఒళ్ళు మండింది. అది సరదాకు పెట్టే కూతా? అడవిలో అది వినపడితే, ఏ మంద కాసేవాడైనా చేతిలో ముద్ద వదిలేసి ఉరకాల్సిందే. కానీ సీటు వాళ్ళ చేతిలో ఉంది. కళ్ళు మూసుకుని కూత పెట్టాడు.

తలుపు ధన్‌మని తెరుచుకుంది. వరండాలో కూర్చున్న బీరన్న, పట్టణంలో ఉన్నానన్న ధ్యాస కూడా లేకుండా, కర్రెత్తి లోపలికి దూసుకొచ్చాడు. భుజం మీది గొంగడి జారి నేల మీద ఈడుస్తోంది.

"యాడరా! యాడున్నది?" అంటూ వంగి బల్ల కింద చూశాడు.

పెద్దమనుషులు పడీపడీ నవ్వారు. లావుపాటాయన నోట్లోని పకోడీ తుంపర్లు జానయ్య మార్కుల కాగితం మీద పడ్డాయి. వాటిని వేలితో తుడిచి, ఆ వేలు నాక్కున్నాడు. థూ, తన చదువు తేల్చేది వీళ్ళా! జానయ్యకు ఆ కాగితం లాక్కుని వెళ్ళిపోదామనిపించింది.

బీరన్న కొడుకును చూశాడు, దొరలను చూశాడు. సంగతి అర్థమైంది. ఆ ముఖంలో రోషం చూడాలని జానయ్య ఎంతో ఆశపడ్డాడు. అది రాలేదు. బీరన్న చేతులు కట్టుకుని, వాళ్ళతో పాటు తనూ నవ్వాడు.

"ఇంకోపారి పెట్టు బిడ్డా," అన్నాడు. "దొరలు ఖుషీ అయితున్నరు. జర గట్టిగ పెట్టు. నేను మల్ల బయటికి పోయి ఉరికొస్త."

వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

ఆ ముగ్గురి మీద, తండ్రి మీద, అంతకంటే తన గొంతు మీద జానయ్యకు అసహ్యం పుట్టింది. అయినా కూత పెట్టాడు. మొదటిసారి కన్నా బాగా పెట్టాడు.

మూడోసారికి గానీ వాళ్ళు సీటు కాగితం మీద సంతకం చేయలేదు.