పొడవు చాలని చేప

శనివారం పొద్దున్నే పాయింట్ కుక్‌లో ఇంటి దగ్గర బయల్దేరి, సముద్రంలోకి కట్టిన వెరిబీ సౌత్ జెట్టీకి వెళ్ళి గాలం వెయ్యడం నాగభూషణానికి పదేళ్ళ అలవాటు. స్నాపర్ చేప ఇరవై ఎనిమిది సెంటీమీటర్లుంటేనే ఇంటికి తెచ్చేవాడు. తక్కువైతే నీళ్ళలో వదిలేసేవాడు. జెట్టీ మీద దాదాపు అందరూ అంతే. చిన్నవి పట్టుకెళ్తే వేసే జరిమానాకి జడిసి కాదు. అక్కడ పొడవు చాలని చేప చచ్చేది కాదు. కోసినా, ఉడికించినా నోరు తెరుస్తూ మూస్తూనే ఉండేది. సముద్రంలో ఉంటే ఆ పొడవు ఎదగడానికి ఎన్నాళ్ళు పట్టేదో, అన్నాళ్ళూ. జెట్టీకి వచ్చే కుర్రాడు భార్గవ్ ఒకసారి అలాంటిదాన్ని దొంగతనంగా పట్టుకెళ్ళి, తినలేక పెరట్లో పూడ్చిపెట్టాడు. అక్కడ మన్ను ఇంకా అదురుతూనే ఉంది. అప్పుడు అతన్ని అందరి ముందూ చీవాట్లు పెట్టింది నాగభూషణమే.

ఏప్రిల్‌లో నాగభూషణం భార్య కుసుమని హాస్పిటల్ నుంచి ఇంటికి పంపేశారు. క్యాన్సర్ లివర్‌కి పాకింది. వారం కంటే ఎక్కువ ఉండదన్నారు.

ఆ శనివారం అతని గాలానికి చిన్న స్నాపర్ పడింది. కొలిచాడు. ఇరవై రెండు. తడిబట్టలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"అంకుల్, అది అండర్‌సైజ్ కదా! వదిలెయ్యండి," అన్నాడు భార్గవ్.

"ఆంటీ కోసంరా."

భార్గవ్ తన గాలం వైపు తిరిగాడు.

చింతపండు పులుసు పెట్టి, ముల్లు తీసి, మెత్తగా మెదిపి నాలుగు చెంచాలు తినిపించాడు. చాన్నాళ్ళకి కుసుమ రుచిగా ఉందంది.

వారం గడిచింది. నెల గడిచింది. కుసుమ ప్రాణం పోలేదు. నొప్పి మాత్రం రవ్వంత తగ్గలేదు. మందు పెంచినకొద్దీ అదీ పెరిగింది. ఇంటికొచ్చే నర్సు నాడి చూసి, "చిన్న స్నాపరా?" అని అడిగింది. నాగభూషణం తలూపాడు. ఆవిడ ఫైల్లో రాసుకుని, మందులు ఎక్కువ నెలలకి తెప్పించింది.

జూలైలో ఒక మధ్యాహ్నం కుసుమ మూలుగు ఆపి అడిగింది.

"ఏమండీ, ఆ చేప ఎంతుంది?"

"ఇరవై రెండు."

"మిగతా ఆరు సెంటీమీటర్లూ పెరగాలంటే?"

"ఏడాది పైనే. రెండేళ్ళు కూడా పట్టొచ్చు."

ఆమె కిటికీకేసి చూసింది. పక్కింటివాళ్ళు కార్లోంచి సామాన్లు దింపుకుంటున్నారు.

"నువ్వు లేకపోతే నేనెలా అనుకున్నానే," అన్నాడతను.

"తెలుసు. నన్నొక్క మాట అడగాల్సిందండీ."

మళ్ళీ నొప్పి వచ్చింది. ఆమె దిండు అంచు పళ్ళతో పట్టుకుంది. నాగభూషణం పెదాలకి అద్దడానికి దూది తడిపి, ఆ పళ్ళు విడేదాకా పక్కనే కూచున్నాడు.