గడ్డ మళ్లీ కనబడాలి

సూర్యాపేటలో స్కాన్ తీసి, మా తమ్ముడు పరశురాములు తలలో గడ్డ ఉందన్నారు. హైదరాబాద్ పోయి ఎంఆర్ఐ తీయించమన్నారు. తలనొప్పికి వాడు లేచి నిలబడితే కదా బస్సెక్కేది. వాడి పెళ్లాం స్వరూప ఆర్ఎంపీ జనార్దన్‌ను పిలిచింది. మా చివ్వెంల దిక్కు ఏ నొప్పికైనా ముందు ఆయన సూదే. రోజూ వచ్చి స్టెరాయిడ్ పొడిచాడు. వారం తిరక్కుండానే తమ్ముడు గొర్ల దొడ్డి దాకా నడిచాడు. జనార్దన్ మీసం మెలేసుకుంటూ తిరిగాడు. నిజం చెప్పొద్దూ, నేనూ సంబరపడ్డాను.

హైదరాబాద్ డాక్టర్ ఎంఆర్ఐ ఫిల్మును వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"మధ్యలో ఇంజెక్షన్లేమైనా ఇచ్చారా?" అన్నాడు.

స్వరూప నా చేయి గిల్లింది. జనార్దన్ సంగతి బయట పెట్టనని మాటిచ్చిందట. నాకు ఒళ్లు మండింది. ఉన్నదంతా చెప్పేశాను.

డాక్టర్ తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది.

"ఇలాంటి గడ్డలు రెండు రకాలమ్మా. ఫిల్ములో ఒకేలా ఉంటాయి. ఒకటైతే కోసి తీయాలి. రెండోదైతే కోయక్కర్లేదు, మందులకు కరుగుతుంది. మీ సూదులకు ఇది మసకబారింది. ఆ సూదికి ఏ రకమైనా కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, పోదు. ఏ రకమో చెప్పలేను. ముక్క తీసి చూద్దామన్నా ఇప్పుడు దొరకదు. సూదులు ఆపండి. గడ్డ మళ్లీ పెరిగాక రండి."

"నడుస్తున్న మనిషిని మల్ల పండవెట్టమంటరా సారు?" అంది స్వరూప.

"తెలియకుండా కోస్తే ఇంకా నష్టం" అన్నాడాయన.

ఊరికొచ్చాక జనార్దన్‌ను గడప తొక్కనీయలేదు. తమ్ముడికి నొప్పి తిరగబెట్టింది.

"అక్కా, ఒక్క సూది ఏపియ్యే. నీ కాల్మొక్త" అని ఏడ్చేవాడు.

నేను చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. వాడి తలలో గడ్డ తొందరగా పెరగాలని మొక్కుకుంటున్నదీ నేనే. థూ, ఇదేం బతుకు అనిపించేది. స్వరూప నాతో మాటలు బంద్ చేసింది. అన్నం పెట్టేది కానీ ముఖం చూసేది కాదు.

ఒక పొద్దున వాడి కూతురు గోపిక చాయ్ తెచ్చిచ్చింది. వాడు గ్లాసు అందుకుని, "ఎవరి బిడ్డవమ్మా నువ్వు?" అన్నాడు.

స్వరూప గొల్లుమంటుందనుకున్నాను. అది గబగబా సంచిలో బట్టలు కుక్కడం మొదలుపెట్టింది.

"వదినా, గడ్డ మల్లొచ్చినట్టుంది. ఆటో మాట్లాడు, పోదాం" అంది.

దాని ముఖంలో సంతోషం కనబడింది. నా ముఖంలోనూ అదే ఉండి ఉంటుంది. గోపిక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఏడుపందుకుంది.