గ్రేసీ వెంట వచ్చే పడవ

గ్రేసీ బిందె తీసుకుని బోరింగు దగ్గరికి బయలుదేరితే వెనకే నాయన పడవ కూడా బయలుదేరుతుంది. నాయన పోయిన మూడో రోజు నుంచీ అంతే. కట్టిన తాడు లేదు, తోసేవాళ్లు లేరు, ఇసుక మీద సర్రుమంటూ పెయ్యదూడలా వస్తుంది. పులికాట్ సరస్సు ఒడ్డున ఆ ఊళ్లో దాన్ని వింతగా చూసినవాళ్లు లేరు. "దోవకు అడ్డం లేకుండా నిలబెట్టుకోమ్మే" అని ఆడవాళ్లు కసురుకునేవాళ్లు, అంతే.

ఊరికి వింతగా తోచింది గ్రేసీ అడిగే ప్రశ్నే. ఆడది పడవ ఎక్కకూడదని ఎవరు చెప్పారు?

అమ్మ నిర్మలమ్మ రొయ్యలు ఏరుతూ తలెత్తకుండానే "మీ అవ్వ" అంది. అవ్వకు వాళ్ల అత్త చెప్పిందట. పాస్టరు బైబిల్లో లేదన్నాడు. పూజారి తల గోక్కుని, "మా గుళ్లో మాటైతే కాదు" అన్నాడు. ఊరిపెద్ద మునెయ్య మాత్రం "పెద్దోళ్లు చెప్పినారు" అన్నాడు.

"ఊళ్లో పెద్దోడివి నువ్వే గదా తాతా?" అంటే ఆయనకు కోపమొచ్చింది.

ఇంతలో చీటీల రోజు వచ్చింది. సరస్సులో ఏ ఇల్లు ఎక్కడ వల వేయాలో ఏటా ఆ చీటీలే తేలుస్తాయి. ఒడ్డున తన పడవ పక్కన నిలబడ్డ మగవాడు ముంతలో చెయ్యి పెట్టి తీసుకోవాలి. కొడుకుల్లేని ఇంటి వంతు తండ్రి తమ్ముడికి పోతుంది. అది పోతే తల్లీకూతుళ్లు బతుకంతా పరాయివాళ్ల రొయ్యలు ఏరాల్సిందే.

చిన్నాయన జోయల్ చెడ్డవాడు కాదు, ఆచారమంటే తలూపే రకం. వచ్చి అన్న పడవ పక్కన నిలబడ్డాడు. పడవ జరిగిపోయి గ్రేసీ పక్కన ఆగింది. అతను అటు నడిచాడు, అది ఇటు జరిగింది. మూడు సార్లయ్యేసరికి అతనికి ఆయాసం వచ్చింది.

"నా వల్ల కాదు తాతా. ఆ బిడ్డకే ఇయ్యి."

"ఆడబిడ్డకు ఎట్టిచ్చేది రా?"

"ఎవురు వద్దన్నారు తాతా?" అంది గ్రేసీ. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

మునెయ్య పక్కవాణ్ణి చూశాడు. వాడు తన పక్కవాణ్ణి చూశాడు. అలా చూపు వరసంతా పోయింది. చివరివాడి పక్కన నీళ్లు తప్ప ఎవరూ లేరు.

మునెయ్య ముంత ముందుకు చాపాడు.

గ్రేసీ చీటీ తీసి, పడవెక్కింది. అది నీళ్లలోకి జారిందో లేదో, నిర్మలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ మోకాలిలోతు నీళ్లలోకి వచ్చేసింది.

"జరగవే. ముప్పై ఏండ్లుగా రొయ్యలు ఏరతాండా. అవి యాడుంటాయో సూసొస్తా."