ఏ పార్టీలోనూ చేరని చెయ్యి

ఒక్కటడుగుతాను, సూటిగా చెప్పండి: మీరు కూర్చున్న కుర్చీలోకి మిమ్మల్ని నెట్టిన చెయ్యి ఎవరిది?

బోస్నియాలో, నది ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్ళో అయితే ఈ ప్రశ్న ఎవరూ అడగరు. కనిపిస్తూనే ఉంటుంది కదా. ఉద్యోగం వేయించినవాడి చెయ్యి, వేయించుకున్నవాళ్ళ ఎడమ భుజం మీద మణికట్టు దాకా అలాగే ఉండిపోతుంది, ఉంగరంతో సహా. వేయించినవాడికి నష్టమేం లేదు, పదవిలో ఉన్నంతకాలం ఎన్నయినా మొలుస్తాయి. దర్జీలు కొలతలు తీసుకునేటప్పుడే ఎడమ భుజం దగ్గర కాస్త వదులు పెడతారు. పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడ మీద మేయరు చెయ్యి, బడిలో లెక్కల మాస్టారి మీద ఆయన మామగారి చెయ్యి. ఎన్నికల రోజు పొద్దున్నే అన్నీ ఒకసారి నొక్కుతాయి, ఎవరికి వెయ్యాలో గుర్తుచేయడానికి.

మెవ్లీద భుజాలు రెండూ ఖాళీ. ప్రసూతి నర్సు చదువు ముగించిన ఏడాది అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెవే. అయినా ఆరేళ్ళుగా మాంసం కూరి కాల్చే బురెక్ రొట్టెల కొట్లో పిండి సాగదీస్తోంది, బల్లంతా పరుచుకునేదాకా, కాగితమంత పల్చగా. ఆస్పత్రిలో నాలుగుసార్లు ఖాళీ పడింది. నాలుగు ప్రకటనలూ చదివింది. వాటిలో అర్హతలు ఎలా రాస్తారంటే, ఎవరికివ్వాలో వాళ్ళ కళ్ళ రంగొక్కటే తక్కువ. ఇది ఐదోసారి. ఈ ఏడాదీ చేరకపోతే లైసెన్సు చెల్లదు. ఇక జన్మంతా పిండే.

తల్లి జుమ్ర ఆగలేకపోయింది. రెండు కిలోల కాఫీ, పొగబెట్టిన గొడ్డుమాంసం సంచిలో వేసుకుని, పురపాలక సంఘం సభ్యుడూ, తనకి అన్న వరసయ్యేవాడూ అయిన రసీం ఇంటికెళ్ళింది.

"అన్నయ్యా, నీ మేనకోడలు. ఒక్క చెయ్యి వెయ్యి."

రసీం సంచి తెరిచి మాంసం వాసన చూశాడు. "ఎందుకు వెయ్యను జుమ్రా? పరాయిపిల్లా? పదిహేను మంది పేర్లు, వాళ్ళ గుర్తింపు నంబర్లు, సంతకాలు పట్రా. అక్టోబరు ఎన్నికల్లో ఓటు నాకే వేస్తామని."

జుమ్ర రెండు రోజుల్లో పద్నాలుగు పేర్లు పోగుచేసింది. పదిహేనోది కూతురిదే. కాగితం ముందు పెట్టి కలం అందించింది.

మెవ్లీద మొహం ఎర్రబడింది. "నేను పురుడు పోసేది ఓటర్లకా, పసిపిల్లలకా?"

"గొంతు తగ్గించు. పక్కింటావిడ వింటుంది."

"విననీ! ఆవిడ పేరు కూడా రాశావుగా, మూడో వరసలో!"

"రాశాను. నీకోసమే రాశాను." జుమ్ర కళ్ళు తుడుచుకుంది. "ఊరంతా వేయించుకున్నారే. వాళ్ళందరికీ లేని సిగ్గు నీకొక్కదానికే ఎందుకు?"

"వాళ్ళకి లేదు కాబట్టే, నా వంతు నాకుండనీ అమ్మా." ఆ కాగితం ఉండచుట్టి పొయ్యిలో పడేసింది.

ఇంటర్వ్యూ రోజు వరండా బెంచీల మీద రోగులు, వాళ్ళ మధ్య ఇద్దరే అభ్యర్థులు. రెండో అమ్మాయి బెల్మ, నిరుడే చదువు ముగించింది. భుజం మీద ఆస్పత్రి డైరెక్టరుగారి చెయ్యి, ఇంకా కొత్తది, లావుపాటి ఉంగరంతో.

"అక్కా, నువ్వెందుకొచ్చావు ఊరికే?" అంది బెల్మ. ఎగతాళికి కాదు, జాలికే.

"చూద్దామని. నీకోసం కుట్టిన ప్రకటన భుజాల దగ్గర బిగుతుగా ఏమైనా ఉందేమోనని."

బెల్మ తలదించుకుంది.

అప్పుడే గుమ్మంలోంచి ఒక నిండుచూలాలు గోడ పట్టుకుంటూ వచ్చింది. నాలుగడుగులు వేసి అక్కడే కూలబడింది. డాక్టరు పైఅంతస్తులో ఆపరేషన్‌లో ఉంది, లిఫ్టు పనిచేయడం లేదు. మెవ్లీద మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. బిడ్డ తల అప్పటికే కనిపిస్తోంది.

"బెల్మా, రా!"

బెల్మ లేచింది. కానీ భుజం మీది చెయ్యి గోళ్ళు దించి ఆమెని గోడకి అదిమేసింది. ఏదైనా జరిగితే పేరు పాడవుతుందని దాని భయం.

"వదలట్లేదక్కా!" అని ఏడ్చింది బెల్మ.

బొడ్డుతాడు బిడ్డ మెడకి రెండు చుట్లు. మెవ్లీద వేళ్ళు దూర్చి ఒకటి తప్పించింది, తర్వాత రెండోది. బిడ్డ నీలంగా ఉంది, కదల్లేదు. నోరు తుడిచి, వీపు రుద్ది, ఎడమ భుజానికి ఆనించుకుని మళ్ళీ రుద్దింది. బెంచీల మీదివాళ్ళు లేచి చుట్టూ చేరారు. బిడ్డ కెవ్వుమంది. గుప్పెటతో మెవ్లీద చొక్కా పట్టుకుంది.

బిడ్డని తల్లి పొత్తిళ్ళలో పెట్టేసరికి, బిడ్డ చేతులు రెండూ బిడ్డకే ఉన్నాయి. మెవ్లీద భుజం మీద మాత్రం ఇంకొకటి మిగిలింది, మెంతిగింజలంత గోళ్ళతో.

నెత్తుటి చొక్కాతోనే ఆమె ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళింది. బోర్డు పెద్దాయన ఆ చెయ్యి చూసి సగం లేచాడు. "ఎవరిదమ్మా అది? రాజధాని నుంచా?"

"కాదండి. వరండాలోంచి."

"ఏ పార్టీ?"

"ఇంకా చేరలేదు. పేరు కూడా పెట్టలేదు."

పక్కనున్నాయన గొణిగాడు, "ఇట్లాంటి చేతికి లెక్క లేదండీ. డైరెక్టరుగారు చెప్పిన అమ్మాయి పేరు రాసేద్దాం."

"రాయకండి," అంది గుమ్మంలోంచి బెల్మ. తలుపు బార్లా తెరిచి పట్టుకుంది, వెనక బెంచీలవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ఉంగరం చెయ్యి ఆమె మెడ దాకా పాకి నొక్కుతోంది. అయినా గొంతు పెంచింది. "నన్నిది గోడకి అదిమింది. బిడ్డని బతికించింది ఆవిడ. ఇంతమంది చూశారు. మీరు నా పేరు రాస్తే వీళ్ళే సాక్షులు!"

ఆ మాటతో ఉంగరం చెయ్యి ఊడి నేలమీద పడింది. ఊడ్చే ఆవిడ వచ్చి, దాన్ని చేటలోకెత్తుకుని వెళ్ళిపోయింది. పెద్దాయన గుమ్మం వైపు చూశాడు. అన్ని కళ్ళ ముందు మెవ్లీద పేరు తప్ప ఇంకో పేరు రాయలేకపోయాడు.

సోమవారం నుంచి మెవ్లీద డ్యూటీలో ఉంది. బెల్మ ఇంకో ఖాళీ కోసం ఎదురుచూస్తోంది, రెండు ఖాళీ భుజాలతో. అందుకే ఇది కథగా విని లేచి వెళ్ళిపోకండి. ఈసారి మీ ఆఫీసులో ఒక ఖాళీ పడి, ఎవరైనా మీ చెవి దగ్గరికి వంగి ఒక పేరు చెప్పబోతే, "అందరికీ వినబడేలా చెప్పండి" అనండి. తలుపు తెరిచిపెట్టండి. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళని, ఒక్కొక్కరినీ పేరుపెట్టి, లోపలికి పిలవండి.